కార్డు క్లోజ్ చేయమని అడిగిన రోజు నుంచే లెక్క మొదలుపెట్టండి: బ్యాంకుల క్రెడిట్ కార్డు విభాగాల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్‌ని. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏ బ్యాంకు అప్పూ ఎగ్గొట్టలేదు, ఒక్క వాయిదా కూడా తప్పలేదు. అలాంటి నా పేరు 2025 జూలైలో క్రెడిట్ రిపోర్టులో, అంటే ఎవరు అప్పులు ఎలా కడుతున్నారో చూపే పత్రంలో, బకాయిదారుగా ఎక్కింది. నేను చేసిందల్లా ఇక అక్కర్లేదనుకున్న ఒక క్రెడిట్ కార్డును క్లోజ్ చేయమని అడగడమే. మార్చి 10న అడిగితే ఆగస్టు 12న క్లోజ్ చేశారు. మధ్యలో నాలుగుసార్లు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను, మూడు ఈమెయిళ్లు పెట్టాను, రెండుసార్లు సెలవు పెట్టి బ్రాంచికి వెళ్లాను. కార్డు క్లోజ్ అయ్యాక, ఆలస్యానికి నాకు రావలసిన పరిహారం గురించి రెండు ఉత్తరాలు రాశాను. ఇప్పటిదాకా జవాబు లేదు. అందుకే అందరి ముందూ రాయాల్సి వచ్చింది.

ఆ బ్యాంకు పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ సంగతి స్టాఫ్ రూమ్‌లో చెబితే, నా తోటి టీచర్లు ముగ్గురు తమకూ ఇలాగే అయిందన్నారు. ముగ్గురివీ మూడు వేరే బ్యాంకులు. కాబట్టి ఇది ఏ ఒక్క బ్యాంకు తప్పో కాదు. కార్డులిచ్చే బ్యాంకులన్నిటినీ ఉద్దేశించే ఈ లేఖ రాస్తున్నాను.

ముందు రూల్ ఏం చెబుతోందో చూద్దాం. క్రెడిట్ కార్డులు, డెబిట్ కార్డుల జారీ, నిర్వహణ గురించి రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్ 21న ఆదేశాలు ఇచ్చింది. ఆ ఏడాది జూలై 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం, బకాయిలన్నీ కట్టేసిన ఖాతాదారు కార్డు క్లోజ్ చేయమంటే ఏడు పనిదినాల్లో క్లోజ్ చేయాలి. చేసిన వెంటనే ఎస్సెమ్మెస్ ద్వారానో ఈమెయిల్ ద్వారానో చెప్పాలి. హెల్ప్‌లైన్, ప్రత్యేక ఈమెయిల్, వెబ్‌సైట్‌లో బాగా కనిపించే లింకు, నెట్ బ్యాంకింగ్, మొబైల్ యాప్ వంటి పలు దారుల్లో అడిగే వీలుండాలి. పోస్టులోనే పంపమని, లేదా ఆలస్యమయ్యే ఇంకో పద్ధతిలోనే పంపమని పట్టుబట్టకూడదు. ఏడు పనిదినాలు దాటితే, ఖాతాలో బాకీ ఏమీ లేనప్పుడు, క్లోజ్ అయ్యేదాకా రోజుకు రూ.500 చొప్పున ఖాతాదారుకు చెల్లించాలి. ఖాతాలో అదనంగా డబ్బు మిగిలి ఉంటే దాన్ని ఖాతాదారు బ్యాంకు అకౌంటుకు పంపాలి.

చదివితే ఎంతో ధైర్యం కలిగించే రూల్ ఇది. నేనూ ఆ ధైర్యంతోనే ఫోన్ చేశాను.

మార్చి 10, సోమవారం. ఉదయమే బిల్లు మొత్తం రూ.6,500 కట్టేసి, సాయంత్రం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. రికార్డు చేసిన గొంతు చదివిన మెనూలో పోయిన కార్డును బ్లాక్ చేయడానికి నంబరు ఉంది, లిమిట్ పెంచుకోవడానికి ఉంది, లోన్ తీసుకోవడానికి ఉంది. క్లోజ్ చేయడానికి మాత్రం లేదు. చివరికి మనిషి దొరికాక విషయం చెబితే ఇంకొకరికి కలిపారు. ఆ అబ్బాయి వచ్చే ఏడాది ఫీజు తీసేస్తామన్నాడు, వద్దన్నాను. లిమిట్ పెంచుతామన్నాడు, వద్దన్నాను. పాయింట్లు ఇస్తామన్నాడు. పావుగంట తర్వాత, "సరే మేడమ్, 48 గంటల్లో మా టీమ్ మీకు కాల్ చేసి కన్ఫర్మ్ చేసుకుంటుంది" అని పెట్టేశాడు. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. ఎంతమందిని ఆపితే అంత మంచి ఉద్యోగిగా లెక్కగట్టే చోట అతను పనిచేస్తున్నాడు.

మార్చి 12న ఉదయం పదకొండున్నరకు ఫోన్ వచ్చింది. అప్పుడు నేను పదో తరగతి పిల్లలకు రివిజన్ చెబుతున్నాను, ఎత్తలేదు. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది: మిమ్మల్ని సంప్రదించలేకపోయాం, కాబట్టి మీ రిక్వెస్టును ముగించాం. నేను ముగించమన్నది కార్డును. వాళ్లు ముగించింది నా రిక్వెస్టును.

మార్చి 20న మళ్లీ అడిగాను. మళ్లీ అదే తంతు. ఏప్రిల్ 5న స్టేట్‌మెంట్ వచ్చింది. అందులో రూ.244.39 బాకీ ఉంది. అందులో రూ.199 ఒక యాప్ చందా. కార్డుకు ఆటో పే పెట్టి ఉన్న సంగతి నేను మరిచిపోయాను. అది నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. మిగతా రూ.45.39 దేనికో మొదట అర్థం కాలేదు. తీరిగ్గా కూర్చుని లెక్క వేశాక తెలిసింది. ఫిబ్రవరి బిల్లును నేను పూర్తిగా కట్టలేకపోయాను. ఒకసారి అలా బాకీ మిగిలితే, పూర్తిగా తీర్చేదాకా ఏ రోజుకారోజు వడ్డీ పడుతూనే ఉంటుంది. మార్చి 5న వచ్చిన బిల్లులో ఆ రోజు వరకు ఉన్న వడ్డీయే ఉంది. నేను కట్టింది 10న. ఆ ఐదు రోజుల వడ్డీ తర్వాతి బిల్లులో తేలింది. రూ.6,500 మీద నెలకు 3.6 శాతం అంటే ఏడాదికి 43.2 శాతం. ఐదు రోజులకు రూ.38.47, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.6.92. మొత్తం రూ.45.39. లెక్క సరిగ్గానే ఉంది. కానీ మార్చి 10న నేను ఫోన్ చేసి "మొత్తం కట్టేశాను, ఇంకేమైనా ఉందా?" అని అడిగినప్పుడు ఈ అంకె చెప్పడానికి మీ కంప్యూటర్‌కు ఒక్క సెకను పడుతుంది. అయినా ఎవరూ చెప్పలేదు. "ఏమీ లేదు మేడమ్, జీరో చూపిస్తోంది" అన్నారు.

ఏప్రిల్ 16న ఆ రూ.244.39 కూడా కట్టాను. యాప్ చందా రద్దు చేశాను. అదే రోజు, బాకీ లేదు, క్లోజ్ చేయండి అని రాతపూర్వకంగా ఈమెయిల్ పెట్టాను. మెయిల్ అందిందని యంత్రం పంపే జవాబు వచ్చింది, అంతే. మే 5 స్టేట్‌మెంట్‌లో బాకీ సున్నా. బ్రాంచికి వెళ్తే, "కార్డుల విభాగం వేరండీ, మా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు. కార్డును నాలుగు ముక్కలు చేసి, సంతకం పెట్టిన ఉత్తరంతో పోస్టులో పంపమన్నారు. పోస్టులో పంపమని పట్టుబట్టకూడదని రూల్ ఉందని చెబితే, ఆ కౌంటర్‌లోని అమ్మాయి నా వంక నిజంగా ఆశ్చర్యంగా చూసింది. ఆమెకు ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు.

జూన్ 5న వార్షిక ఫీజు రూ.499, జీఎస్టీ రూ.89.82, మొత్తం రూ.588.82 వేశారు. రాతపూర్వకంగా అడిగి యాభై రోజులైన కార్డు మీద వచ్చే ఏడాదికి ఫీజు! నేను అభ్యంతరం చెబుతూ మెయిల్ పెడితే, ఎట్టకేలకు ఒక మనిషి రాసిన జవాబు వచ్చింది: మీ ఖాతాలో బాకీ ఉన్నందువల్ల కార్డు క్లోజ్ చేయడం కుదరదు.

అయ్యా, ఆ ఒక్క వాక్యం కోసమే ఈ లేఖంతా రాస్తున్నాను. రూల్‌లో ఏడు రోజులు అని ఉంది. ఆ ఏడు రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో మీ చేతుల్లో ఉంది. రిక్వెస్టు నంబరు ఇవ్వకపోతే మొదటి రోజు అన్నదే రాదు. మేం ఫోన్ ఎత్తలేదని రిక్వెస్టును రద్దు చేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. బాకీ లేకపోతేనే రోజుకు రూ.500 అని రూల్‌లో ఉంది. ఆ బాకీని పుట్టించేదీ మీరే. చివరి వడ్డీ ఎంతో చెప్పరు, ఆపమన్న కార్డు మీద ఫీజు వేస్తారు, తర్వాత ఆ ఫీజునే చూపించి కుదరదంటారు. ఇలాగైతే ఈ దేశంలో ఏ బ్యాంకూ ఏ రోజూ ఏడు రోజుల గడువు దాటినట్టు కాదు. మేం మాత్రం ఐదు నెలలు తిరుగుతూనే ఉంటాం.

ఈ పద్ధతి వల్ల మామూలు జనం ఎలా నష్టపోతున్నారో నాకు తెలిసినంతలో చెబుతాను.

1. అన్నిటికన్నా పెద్ద దెబ్బ క్రెడిట్ రిపోర్టు మీద పడుతుంది. నేను ఒప్పుకోని ఆ రూ.588.82 కట్టలేదు. జూలై బిల్లులో దాని మీద లేట్ ఫీజు, వడ్డీ వేసి, బకాయి అని, ఆ క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే క్రెడిట్ సమాచార సంస్థలకు పంపారు. అదే నెలలో మా అమ్మాయి చదువు కోసం ఇంకో బ్యాంకులో విద్యా రుణానికి దరఖాస్తు చేశాం. నేను సహ దరఖాస్తుదారుని. అక్కడి అధికారి కంప్యూటర్ చూసి, గొంతు తగ్గించి, "మేడమ్, మీ మీద ఓవర్‌డ్యూ చూపిస్తోంది" అన్నారు. పక్కనే మా అమ్మాయి కూర్చుని ఉంది. ఆ రిపోర్టులో అప్పు కట్టే తీరుకు ఇచ్చే నా క్రెడిట్ స్కోరు 781 నుంచి 702కు పడింది. ఫీజు కట్టే గడువు దగ్గరపడుతుంటే రుణం మూడు వారాలు ఆగింది. మా తమ్ముడి దగ్గర చేబదులు తీసుకుని గండం గట్టెక్కాం. ఖాతాదారు వివాదం లేవనెత్తితే అది తేలాకే బకాయి సమాచారం బయటికి పంపాలని, పంపే ముందు ఏడు రోజుల నోటీసు ఇవ్వాలని అవే ఆదేశాల్లో ఉంది. నాకు ఏ నోటీసూ రాలేదు. నా దగ్గరంటే మెయిళ్లున్నాయి, తేదీలున్నాయి. అవేవీ లేని మనిషి అదే కుర్చీలో కూర్చుంటే ఏం చెప్పుకోవాలి?

2. కత్తెరతో కోసేస్తే కార్డు పోయిందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మా అటెండర్ అలాగే చేశాడు. కోసింది ప్లాస్టిక్ ముక్కను, ఖాతా అలాగే ఉంది. రెండేళ్ల తర్వాత రికవరీ వాళ్లు ఫోన్ చేస్తే గానీ అతనికి ఫీజులు పడుతున్న సంగతి తెలియలేదు. ఏడాదికి పైగా వాడని కార్డును, ఖాతాదారుకు తెలియజేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే, బాకీలు లేనప్పుడు మీరే క్లోజ్ చేయాలని రూల్. అతని విషయంలో ఆ పని జరిగి ఉంటే రికవరీ ఫోనే వచ్చేది కాదు.

3. భాష. ఇంగ్లీషు, హిందీ రాని పెద్దవాళ్లకు ఈ ఫోన్ మెనూలు దాటడం ఎంత కష్టమో మీరొకసారి మీ నంబరుకే ఫోన్ చేసి చూడండి. కార్డు అమ్మడానికి వచ్చిన అబ్బాయి తెలుగులోనే మాట్లాడాడు. క్లోజ్ చేయడానికి మాత్రం తెలుగు దొరకలేదు.

4. కార్డుదారు చనిపోయిన ఇళ్ల సంగతి ఇంకా బాధాకరం. మా పక్కింటావిడ భర్త హఠాత్తుగా పోయారు. ఆయన కార్డు క్లోజ్ చేయమని ఆమె ఫోన్ చేస్తే, కార్డుదారుతోనే మాట్లాడాలి అన్నారు. ఆయన పోయారని చెప్పినా సరే, రిజిస్టర్ చేసిన నంబరుకు వచ్చే ఓటీపీ చెప్పమన్నారు. ఆ సిమ్ అప్పటికే ఆగిపోయింది. ఈలోగా బాకీ పెరిగింది, ఏజెంట్ల ఫోన్లు మొదలయ్యాయి. కర్మకాండలు కూడా పూర్తికాని ఇంటికి అవి. పోయినవారి అప్పుకు వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కుటుంబ సభ్యులను వేధించకూడదని కార్డు ఆదేశాల్లో స్పష్టంగా ఉంది. ఆమె భయపడి తన గాజులు తాకట్టు పెట్టి కట్టేసింది. ఈ సంగతి రాస్తుంటే ఇప్పటికీ నా చేయి వణుకుతోంది.

5. ఇంకో చిన్న విషయం. వస్తువు వెనక్కిచ్చాక రావలసిన డబ్బు కార్డు క్లోజ్ అయ్యాక వస్తే, అది ఎక్కడికి పోయిందో తెలుసుకోవడానికి మళ్లీ నెలలు పడుతున్నాయి.

ఇక్కడ ఒక్క నిమిషం మిమ్మల్ని పక్కన పెట్టి, ఈ లేఖ చదువుతున్న తోటి కార్డుదారులకు నా అనుభవంతో నాలుగు మాటలు చెప్పాలి. క్లోజ్ చేయాలనుకుంటే ఫోన్ చేయడానికి నెల ముందే పని మొదలుపెట్టండి. ఆ కార్డుకు కట్టిన ఆటో పేలన్నీ వేరే చోటికి మార్చండి. కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్, సినిమా యాప్‌లు, పిల్లలు ఆడే గేములు, అన్నీ చూడండి. రూపే కార్డును యూపీఐకి జోడించి ఉంటే తీసేయండి. ఈఎంఐలు మిగిలి ఉంటే కార్డు క్లోజ్ కాదు. వాటిని ముందే తీర్చడానికి ఎంత అవుతుందో, దాని మీద ఫీజు ఎంతో అడగండి. పాయింట్లు వాడేసుకోండి, తర్వాత అవి పోతాయి. బిల్లు కట్టాక "ఈ రోజు వరకు వడ్డీతో కలిపి చివరి మొత్తం ఎంత?" అని అదే మాటల్లో అడగండి. ముందు నెలలో బాకీ మిగిల్చి ఉంటే ఇది తప్పనిసరి. ఫోన్‌లో అడిగినా, అదే రోజు ఈమెయిల్ కూడా పెట్టండి. రిక్వెస్టు నంబరు ఇచ్చేదాకా ఫోన్ పెట్టేయకండి. బిల్లు కోసం మీ అకౌంటు నుంచి ఆటో డెబిట్ ఇచ్చి ఉంటే, చివరి బిల్లు తీరాకే రద్దు చేయండి. క్లోజ్ అయిందని, బాకీ లేదని ఉత్తరం తీసుకుని దాచుకోండి. కార్డును ముక్కలు చేసేటప్పుడు చిప్ మీదుగా కోయండి.

నెలా రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టు తెప్పించి చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ప్రతి సంస్థా ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో "క్లోజ్డ్" అని ఉండాలి. "సెటిల్డ్" అని ఉంటే అర్థం వేరు. బాకీ పూర్తిగా కట్టకుండా కొంత తగ్గించుకుని తేల్చుకున్నారని దాని భావం. తర్వాత అప్పు ఇచ్చేవాళ్లు దాన్ని అనుమానంగా చూస్తారు. రిపోర్టులో తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆ తర్వాత రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది.

ఇంకొకటి, లోన్‌కు దరఖాస్తు చేసే ముందు మాత్రం కార్డులు క్లోజ్ చేయకండి. మొత్తం లిమిట్‌లో ఎంత వాడుతున్నారన్నది స్కోరు లెక్కలో ఒక అంశం. లక్ష లిమిట్ కార్డు ఒకటి, యాభై వేలది ఒకటి ఉండి, నెలకు ముప్పై వేలు వాడితే అది 20 శాతం. లక్ష కార్డు క్లోజ్ చేస్తే అదే వాడకం 60 శాతం అవుతుంది. ఖర్చు పైసా పెరగదు, స్కోరు మాత్రం తగ్గవచ్చు. ఇది నా క్లాసులో పిల్లలకు శాతాల పాఠంలో చెబుతున్నాను ఇప్పుడు.

మళ్లీ మీ దగ్గరికి వస్తున్నాను. ఈ జాగ్రత్తలన్నీ తీసుకునే ఓపిక, చదువు, సమయం అందరికీ ఉండవు. ఉండాలని అనుకోవడం న్యాయం కూడా కాదు. దేశంలో వాడుకలో ఉన్న క్రెడిట్ కార్డులు 2024లోనే 10 కోట్లు దాటాయి. అంతమందికి ఇచ్చినవాళ్లకు వెనక్కి తీసుకునే బాధ్యత కూడా ఉంది. కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. ఏ దారిలో అడిగినా, అడిగిన క్షణంలోనే రిక్వెస్టు నంబరు, తేదీ ఎస్సెమ్మెస్‌లో రావాలి. ఏడు పనిదినాల లెక్క ఆ తేదీ నుంచే మొదలవ్వాలి. మీ ఆఫర్లు చెప్పాలనుకుంటే నంబరు ఇచ్చాక, ఒక్కసారి చెప్పండి. ఖాతాదారు తిరిగి ఫోన్ ఎత్తలేదని రిక్వెస్టు రద్దు చేసే పద్ధతి పూర్తిగా ఆగాలి.

2. అదే మెసేజ్‌లో ఆ రోజు వరకు వడ్డీ, జీఎస్టీతో కలిపి కట్టాల్సిన చివరి మొత్తం ఉండాలి. అది కట్టాక ఇంకే బాకీ తేలినా అది మీ లెక్క తప్పు, మా బాకీ కాదు. రిక్వెస్టు నమోదైన వెంటనే కార్డు మీద కొత్త ఖర్చులు, ఆటో పేలు ఆగిపోవాలి. ఆ తర్వాత వార్షిక ఫీజు, లేట్ ఫీజు వేయకూడదు.

3. రోజుకు రూ.500 పరిహారం మేం అడిగితే ఇచ్చేది కాకూడదు. గడువు దాటితే దానంతటదే మా అకౌంటులో పడాలి. మేం గడువు దాటి మూడు రోజులకు మించి ఆలస్యం చేస్తే మీ కంప్యూటర్ ఎవరినీ అడగకుండా లేట్ ఫీజు వేస్తుంది కదా.

4. క్లోజ్ అయిన మర్నాటికల్లా బాకీ లేదన్న ఉత్తరం రావాలి, క్రెడిట్ సమాచార సంస్థలకు ఆ సంగతి చేరాలి.

5. బ్రాంచిలో రాసిచ్చిన దరఖాస్తు తీసుకుని రసీదు ఇవ్వాలి. మీ పేరు, మీ గుర్తు ఉన్న బోర్డు కింద కూర్చున్నవాళ్లు "అది మాది కాదు" అంటే మేం ఇంకెక్కడికి వెళ్లాలి? ఫోన్‌లో తెలుగులో క్లోజ్ చేసే వీలు మెనూలోనే ఉండాలి.

6. కార్డుదారు చనిపోతే మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చిన రోజునే వడ్డీ, ఫీజులు, ఏజెంట్ల ఫోన్లు ఆగాలి. ఆ కుటుంబంతో మాట్లాడటానికి ప్రతి బ్యాంకులో ఒక ప్రత్యేక అధికారి ఉండాలి. పోయిన మనిషి ఫోన్‌కు ఓటీపీ పంపడం ఇకనైనా ఆపండి.

రిజర్వ్ బ్యాంకు అధికారులకు కూడా ఒక విన్నపం. ఈ ఆదేశాలు ఇచ్చింది మీరే, అందుకు కృతజ్ఞతలు. కానీ ఏడు రోజులు ఏ రోజు నుంచి అన్నది ఇంకెవరూ తిప్పలేనంత స్పష్టంగా రాయండి. "బాకీ లేనప్పుడు" అన్న చోట, రిక్వెస్టు తర్వాత బ్యాంకు వేసిన ఫీజులు, వడ్డీలు బాకీ కిందికి రావని చేర్చండి. ప్రతి బ్యాంకూ మూడు నెలలకొకసారి ఎన్ని క్లోజ్ రిక్వెస్టులు వచ్చాయో, ఎన్ని గడువు దాటాయో, ఎంత పరిహారం కట్టిందో ప్రకటించేలా చేయండి. ఫిర్యాదు చేసి 30 రోజులైనా బ్యాంకు పలకకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే మీ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చని, అందుకు రూపాయి కూడా ఖర్చుండదని, వివరాలకు 14448 నంబరు ఉందని ప్రతి కార్డు బిల్లు మీదా తెలుగులో అచ్చు వేయించండి. నాకు ఈ సంగతి తెలిసి, బ్యాంకులో ఫిర్యాదులు చూసే పై అధికారి ప్రిన్సిపల్ నోడల్ ఆఫీసర్‌కు ఫిర్యాదు రాసి, జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కు వెళ్తానని చెప్పాకే ఫైలు కదిలింది. ఆగస్టు 12న ఫీజు, లేట్ ఫీజు, వడ్డీ అన్నీ వెనక్కి తీసి కార్డు క్లోజ్ చేశారు.

చివరిగా, నా కార్డు ఇచ్చిన బ్యాంకు అధికారులకు. ఆ ఫీజును మీరే వెనక్కి తీశారు. అంటే అది వేయకూడనిదని మీరే ఒప్పుకున్నారు. కాబట్టి ఏప్రిల్ 16 నుంచి నా ఖాతాలో బాకీ లేనట్టే లెక్క. ఏడు పనిదినాలు ఏప్రిల్ 25తో పూర్తయ్యాయి. ఏప్రిల్ 26 నుంచి ఆగస్టు 12 వరకు 109 రోజులు. రోజుకు రూ.500 చొప్పున రూ.54,500. నా మెయిళ్లు, స్టేట్‌మెంట్లు, మీ జవాబు, ఫోన్ చేసిన తేదీలు, సమయాలు అన్నీ ఈ లేఖకు జతచేసి మీ ప్రధాన కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. 30 రోజులు చూస్తాను. ఆ తర్వాత అదే కట్టను అంబుడ్స్‌మన్‌కు పంపుతాను. మా పక్కింటావిడ తరఫున రాసిన ఫిర్యాదు కూడా ఆ కట్టలోనే ఉంటుంది.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్